కొలనోస్కోపీ కెమెరాలు: అపోహలు - వాస్తవాలు

మలద్వారం గుండా కెమెరా ఉన్న గొట్టం (స్కోపు) పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్షే కొలనోస్కోపీ. అది చేసే ఎండోస్కోపీ గదిలో నేను టెక్నీషియన్‌ని. బల్ల మీద ఎడమవైపు తిరిగి పడుకుంటూ కూడా కొందరు అడుగుతారు, "మీ మెషీన్ ఫోర్‌కేనా అండీ?" అని. "పేగు శుభ్రం చేసే మందు నీళ్లు మొత్తం తాగారా?" అని నేనడిగితే మాత్రం నసుగుతారు.

అపోహ: కొత్త మోడల్ అయితే ఏ పాలిప్పూ (పేగు లోపలి పొర మీద పెరిగే కండ) తప్పించుకోదు.

వాస్తవం: పాత స్టాండర్డ్ స్కోపుకీ హెచ్‌డీకీ తేడా ఉంది, కాదనను. చదునుగా ఉండి చుట్టూ పొర రంగులో కలిసిపోయే పాలిప్ హెచ్‌డీలో బాగా కనబడుతుంది. ఆపైన మోడల్‌కీ మోడల్‌కీ తేడా చిన్నదే. మామూలు స్కోపు 140 నుంచి 170 డిగ్రీలు చూస్తుంది. మూడు లెన్సులతో 330 డిగ్రీలు చూసే స్కోపొకటి వచ్చి చాలా ఊరించింది. ఇటలీ స్క్రీనింగ్ (లక్షణాల్లేని వాళ్లకీ ముందుజాగ్రత్తగా చేసే పరీక్ష) కార్యక్రమంలో రెండింటినీ పోల్చి చూస్తే, అడినోమాలు (ముందుముందు క్యాన్సర్‌గా మారగల పాలిప్‌లు) పట్టుకోవడంలో తేడా కనబడలేదు.

అసలు తేడా డాక్టర్ చేతిలో, ఓపికలో ఉంటుంది. స్కోపు వెనక్కి తీస్తూ ప్రతి మడతా విప్పి చూడ్డానికి కనీసం 6 నిమిషాలు పట్టాలి. అమెరికాలో 2024 నుంచి 8 అంటున్నారు. స్క్రీనింగ్‌కి వచ్చిన వందమందిలో ఎంతమందికి అడినోమా దొరికిందన్నది డాక్టర్‌కి మార్కుల లెక్క. ఆ శాతం ఒక్కటి పెరిగితే తర్వాత క్యాన్సర్ వచ్చే ముప్పు 3 శాతం తగ్గుతోందని 2014లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. మోడల్ నంబర్ బదులు ఈ శాతం అడగండి.

అపోహ: ఎన్‌బీఐ (స్కోపులో ఉండే ప్రత్యేకమైన లైటు) ఉంటే బయాప్సీ (ముక్క తీసి ల్యాబులో చూడ్డం) అక్కర్లేదు.

వాస్తవం: ఒలింపస్ కంపెనీ స్కోపుల్లో ఎన్‌బీఐ, ఫుజీఫిల్మ్ వాటిలో అలాంటిదే బీఎల్‌ఐ. రంగు మందేమీ చల్లరు, లైటు మారుతుందంతే. రక్తనాళాలు గోధుమ రంగులో తేలి, దొరికిన పాలిప్ ఎలాంటిదో అంచనాకి పనికొస్తుంది. పెద్దదో, అనుమానంగా ఉందో అయితే చివరి మాట ల్యాబుదే.

అపోహ: కెమెరా ఉన్న క్యాప్సూల్ మింగితే పేగు శుభ్రం చేసుకోనక్కర్లేదు.

వాస్తవం: ఇంకా ఎక్కువ శుభ్రం కావాలి. క్యాప్సూల్‌కి కడిగే నీళ్లు ఉండవు, పాలిప్ కనబడినా కోసే తీగ ఉండదు. మళ్లీ స్కోపే.

అపోహ: ఏఐ ఉంది కదా, అన్నీ అదే చూసుకుంటుంది.

వాస్తవం: తెర మీద కనబడే పాలిప్ చుట్టూనే అది డబ్బా గీస్తుంది. మడత వెనకున్నదీ, బురద కిందున్నదీ దానికీ కనబడవు.

బురదంటే గుర్తొచ్చింది. మొన్న ఒకాయన పేగులో కుడివైపంతా పసుపు బురద. నీళ్లు కొట్టాం, పీల్చాం, మళ్లీ కొట్టాం. స్కోపులో నీళ్లు పీల్చే దాదాపు నాలుగు మిల్లీమీటర్ల చానెల్‌లో టమాటా తొక్క ఇరుక్కుంది. హెచ్‌డీ స్కోపే, చూసింది మాత్రం బురదని. మళ్లీ రమ్మన్నాం. మందు సగం ముందురోజు రాత్రి, మిగతా సగం పరీక్షకి 4 నుంచి 6 గంటల ముందు మొదలుపెట్టాలి. పొద్దున తొమ్మిదింటి స్లాటంటే నాలుగింటికి అలారం పెట్టుకోవాల్సిందే.