కర్నూలు కుండ విశాఖలో ఎందుకు చల్లబడదు?

మట్టికి చలవ గుణం ఉంది కాబట్టి కుండలో నీళ్ళు చల్లబడతాయని చాలామంది అంటారు. అదే నిజమైతే ఆవకాయ జాడీలో పోసిన నీళ్ళూ చల్లబడాలి. అదీ మట్టితో చేసిందే కదా! కానీ చల్లబడవు. జాడీకి గాజులాంటి పూత ఉంటుంది. నూనె బయటికి ఊరకుండా ఆ పూత సందులన్నీ మూసేస్తుంది. కుండకు ఆ పూత లేదు. కాల్చిన మట్టి రేణువుల మధ్య కంటికి కనిపించని సందులుంటాయి. వాటిగుండా నీళ్ళు ఊరి బయటి గోడను తడుపుతాయి, ఆ తడి ఆవిరవుతుంది. చలవంతా ఆ ఆవిరిదే.

నీళ్ళలో అణువులన్నీ ఒకే వేగంతో కదలవు. బాగా వేగంగా ఉన్నవే గాలిలోకి దూకగలవు. అవి వెళ్ళిపోయాక మిగిలినవాటి సగటు వేగం తగ్గుతుంది. వేడి తగ్గడమంటే అదే. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి. అదే గ్రాము నీరు ఒక డిగ్రీ చల్లబడడానికి ఒక్క కేలరీ పోతే చాలు. అంటే పది లీటర్ల కుండ పది డిగ్రీలు చల్లబడడానికి లక్ష కేలరీలు బయటికి పోవాలి. లెక్క కడితే 170 గ్రాముల నీరు, ఒక గ్లాసులో పట్టేంత, ఆవిరైతే సరిపోతుంది. నిజానికి ఇంకొంచెం ఎక్కువే పోతుంది. కుండ ఒకవైపు చల్లబడుతుంటే చుట్టూ ఉన్న గాలి ఇంకోవైపు దాన్ని వేడి చేస్తూనే ఉంటుంది.

ఈ రెండూ సరిసమానమైన చోట చల్లబడడం ఆగిపోతుంది. ఆవిరితో ఎంత చల్లబడినా అంతకన్నా దిగలేని ఆఖరి హద్దును తడిబల్బు ఉష్ణోగ్రత అంటారు. అది ఎండ ఒక్కదాన్నిబట్టే ఉండదు, గాలిలో అప్పటికే ఎంత తేమ ఉందన్నదే అసలు సంగతి. మే నెల మధ్యాహ్నం కర్నూలులో 42 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 15 శాతం అనుకోండి. హద్దు 22 డిగ్రీల దగ్గర ఉంటుంది. విశాఖలో 35 డిగ్రీలే, కానీ తేమ 65 శాతం. అక్కడ హద్దు 29 దాటుతుంది. ఎండ ఏడు డిగ్రీలు తక్కువైనా కుండ నీళ్ళు మాత్రం గోరువెచ్చగానే ఉంటాయి. కుండలో లోపమేమీ లేదు, సముద్రపు గాలికి ఇంకా ఆవిరిని తీసుకునే ఆకలి లేదు, అంతే. నీళ్ళు పోసే ఎయిర్ కూలర్ హైదరాబాదులో హాయిగా ఉండి, కోస్తాలో ఒళ్ళంతా జిగటగా చేసేదీ ఇందుకే.

మీ ఊళ్ళో కుండ పనిచేస్తుందో లేదో కొనకముందే తెలుసుకోవచ్చు. గది ఉష్ణోగ్రత చూసే గాజు థర్మామీటరు ఒకటి తీసుకోండి. జ్వరం చూసేది పనికిరాదు, అది 35కి దిగువ చూపదు. ముందు మామూలుగా చూసి రాసుకోండి. తర్వాత దాని బల్బుకు తడి నూలుగుడ్డ చుట్టి ఫ్యాను గాలికి అయిదారు నిమిషాలు ఉంచండి. తేడా 15 డిగ్రీలు ఉంటే కుండ కొనుక్కోవచ్చు. అయిదు కూడా లేకపోతే ఫ్రిజ్జే దిక్కు. కుండ ఆ తడిబల్బు అంకె దాకా దిగదు, కొన్ని డిగ్రీలు పైనే ఆగుతుంది.

కొత్త కుండను ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి, మొదట పోసిన నీళ్ళు పారబోయాలి, మట్టి వాసన తగ్గుతుంది. ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నానికి కాగిపోతాయి కాబట్టి రాత్రే నింపడం మేలు, తెల్లారేసరికి పని అయిపోతుంది. కుండను నీడలో, గాలి ఆడే చోట పెట్టాలి. తలుపులు మూసిన వంటగదిలో కుండ చుట్టూ తేమ పేరుకుని, ఆవిరి నెమ్మదిస్తుంది. కింద తడి ఇసుక పోయడం పాత అలవాటే, అయినా వెనక లెక్క ఉంది. ఇసుకలోని తడి కూడా ఆవిరవుతుంది, కుండ అడుగు వేడి గచ్చుకు తగలదు. అందానికి రంగు వేసిన కుండలు మాత్రం కొనకండి. ఆ రంగు జాడీ పూత చేసే పనే చేస్తుంది.

సబ్బుతో కడిగితే సబ్బు సందుల్లోకి ఇంకి, తర్వాత నీళ్ళలో రుచి తగులుతుంది. కొబ్బరి పీచు, మంచినీళ్ళు చాలు. అంతకన్నా మొండి శత్రువు బోరు నీళ్ళు. నీరు ఆవిరైపోయినా అందులోని లవణాలు ఎక్కడికీ పోవు, కుండ బయట తెల్లటి పొడిగా పేరుకుంటాయి. దానిమీద నిమ్మరసం వేస్తే బుసబుసమని నురగ వస్తే అది కాల్షియం కార్బొనేటు, రుద్దితే పోతుంది. సందుల లోపల గడ్డకట్టింది మాత్రం అంత సులువుగా రాదు. రాత్రి నింపిన కుండను పొద్దున్నే అరచేత్తో తడిమి చూడండి. బయట పొడిగా ఉంటే ఆ కుండ మూసుకుపోయినట్టే. దాన్ని బియ్యం పోసుకోవడానికి వాడుకోవచ్చు.