పెళ్లయినవారికి పట్టం: 1967 జూన్‌లో ఏం జరిగింది?

చెన్నైలో స్థిరపడిన తెలుగు కతోలికుల మధ్య పాత ప్రశ్న మళ్లీ లేచింది. పెళ్లి చేసుకుని పిల్లల్ని పెంచుతూ, దేవుడు తనను బలిపీఠం దగ్గరి సేవకు కూడా పిలుస్తున్నాడని నమ్మే మనిషి ఎటు వెళ్లాలి? ఈ నగరంలో ఆ ప్రశ్నకు పదును ఎక్కువ. ప్రొటెస్టెంటులదైన దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) 1947 సెప్టెంబరు 27న పుట్టింది ఇక్కడి సెయింట్ జార్జ్ కెథెడ్రల్‌లోనే. ఆ సంఘపు పాస్టరుగారు భార్యాబిడ్డలతో కాపురం ఉంటూనే సేవ చేస్తారు. అన్న ఆ గుడికి, తమ్ముడు ఈ గుడికి వెళ్లే ఇళ్లలో పోలిక రాక తప్పదు.

పేతురుగారి అత్తకు జ్వరం వచ్చిన సంగతి (అంటే ఆయన పెళ్లయినవాడేనన్నది), 1139 నాటి లాటరన్ మహాసభ గురువుల (ఫాదర్ల) వివాహం చెల్లదన్న సంగతి ఈ చర్చలో దిగే ప్రతివారికీ కంఠస్థమే. వాటిని పక్కన పెడదాం. నేటి తగవు అర్థం కావాలంటే చూడవలసింది 1967 జూన్ నెలను.

ఆ నెల 18న ఆరవ పౌలు పోపు, వివాహితులకు శాశ్వత డీకన్ పట్టం (గురువు కన్నా కింది మెట్టు సేవకు అభిషేకం) ఇవ్వవచ్చన్న రెండో వాటికన్ మహాసభ నిర్ణయానికి నియమావళి విడుదల చేశారు. సరిగ్గా ఆరు రోజులకు, 24న, లాటిన్ రీతి గురువులకు బ్రహ్మచర్యం కొనసాగుతుందని మరో లేఖ రాశారు. ఒక తలుపు తీశారు, పక్క తలుపుకు గడియ బిగించారు. మనవాళ్లకు గుర్తుండిపోయింది గడియ చప్పుడే.

మొదటి పత్రంలోని మెలిక ఇది: తమ ప్రాంతంలో ఈ పట్టం ఉండాలా వద్దా అన్నది మేత్రాణుల (బిషప్పుల) సమాఖ్యలు పోపు ఆమోదంతో తేల్చుకోవాలి. మన దేశంలో ముంబయి అగ్రపీఠం వివాహితులను డీకన్లుగా అభిషేకించింది. ఎక్కువ మేత్రాసనాలు (బిషప్పుల ఏలుబడి ప్రాంతాలు) ఆ దారి పట్టలేదు. కాబట్టి ‘రోము ఒప్పుకోదు’ అని ఎవరైనా సర్దిచెబితే అది సగం నిజం కూడా కాదు.

పెద్దల మాట వేరు. మనకు గురువుల కొరత లేదు, మన గురువులే ఐరోపాలోని విచారణలకు (స్థానిక గుడి సంఘాలకు) వెళ్లి సేవ చేస్తున్నారు, ఇక సంసారులైన డీకన్లు దేనికి అంటారు. పోషణ ఎవరు చూస్తారన్నదీ న్యాయమైన ప్రశ్నే.

అయితే ఈ ఆలోచన వెనుక కొరత ఒక్కటే లేదు. నాజీల దఖావ్ శిబిరంలో బందీలుగా ఉన్న గురువులు కూడా శాశ్వత డీకన్ల గురించి చర్చించారు. మహాసభ 1965 డిసెంబరు 7న వెలువరించిన వేదవ్యాపక డిక్రీ ‘ఆద్ జెంతెస్’ 16వ అధికరణంలో మరో కారణం కనిపిస్తుంది. ఉపదేశులుగా వాక్యం బోధిస్తూ, గురువు పేరున దూరపు సంఘాలను నడుపుతూ, ఇప్పటికే డీకన్ పని చేస్తున్నవారిని హస్తనిక్షేపణతో (తల మీద చేతులుంచి ఇచ్చే పట్టంతో) బలపరచడం మేలని అది చెబుతుంది.

ఈ వాక్యం చదివితే మన ఉపదేశిగారే కళ్లముందు కనబడతారు. ఫాదర్ ఎప్పుడో ఒకసారి వచ్చే పల్లెల్లో జపం చెప్పించింది, పిల్లలకు సత్యోపదేశం నేర్పింది, ఫాదర్ అందుబాటులో లేనప్పుడు చావుబతుకుల్లో ఉన్న బిడ్డకు జ్ఞానస్నానం ఇచ్చింది ఆయనే. ఆయనకు భార్య ఉంది, సంసారం ఉంది. పిలుపులు రెండూ ఒకే ఇంట్లో నడిచాయి, పట్టం మాత్రం లేదు. 2021 మే 10న ఫ్రాన్సిస్ పోపు ఉపదేశి సేవకు అధికారిక హోదా ఇచ్చారు. అది గృహస్థుల సేవగానే, పట్టం లేకుండానే. ఇది చాలు కదా అని ఒక పక్షం అంటే, మహాసభ చెప్పిన అరవై ఏళ్ల కిందటి మాట మిగిలే ఉందని రెండో పక్షం అంటుంది. రెండోవారి మాటే పత్రాలకు దగ్గరగా ఉంది.

గురుపట్టం సంగతి వేరు. కేరళ తోమా క్రైస్తవుల కత్తనార్లకు (గురువులకు) 1599 ఉదయంపేరూరు సభ దాకా పెళ్లిళ్లు ఉండేవి. ప్రత్యేక సందర్భాల్లోనైనా వివాహితులకు గురుపట్టం వద్దని 1971 సినడ్‌లో (బిషప్పుల సభలో) 107 ఓట్లు, పోపు అనుమతించవచ్చని 87 ఓట్లు పడ్డాయి. 2019 అమెజాన్ సినడ్‌లో వివాహితులకు గురుపట్టం ఇవ్వడానికి 128 మంది సరేనన్నారు, 41 మంది కాదన్నారు. మరుసటి ఫిబ్రవరిలో వచ్చిన పోపు లేఖ ఆ ఊసే ఎత్తలేదు.

డీకన్ అయ్యేవారి షరతుల గురించి ఈ చర్చలో అందరికన్నా తక్కువ వినిపించేది భార్య గొంతు. వివాహితునికి కనీసం 35 ఏళ్లుండాలి, సాధారణంగా మూడేళ్ల శిక్షణ ఉంటుంది, భార్య సమ్మతి లేనిదే పట్టం లేదు. డీకన్ జ్ఞానస్నానం ఇస్తాడు, పెళ్లి జరిపిస్తాడు, ప్రసంగిస్తాడు. దివ్యబలి పూజ చేయడు, పాపసంకీర్తనం (పాపాల ఒప్పుకోలు) వినడు. పెళ్లి ముందు, పట్టం తర్వాత, ఈ వరుస తిరగబడదు. భార్య చనిపోతే, ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప, మళ్లీ పెళ్లి లేదు. ఆదివారాలు, పండుగలు, రాత్రివేళ వచ్చే చావు కబుర్లు ఆమె సంసారంలోకే వస్తాయి. అందుకే పీఠాధిపతి నిర్ణయానికి ముందే ఆమె సమ్మతి కాగితం మీదకు రావాలంటుంది కానను (కతోలిక సంఘ) చట్టం.