షుగరు ఎముకలో గుంత పడితే ఏం నింపాలి?

అనంతపురం వైపు శనక్కాయ చేలో చెప్పుల్లేకుండా తిరిగే షుగరు మనిషికి తుమ్మ ముల్లు దిగినా తెలియదు. నరాలు అంతగా మొద్దుబారి ఉంటాయి. పుండు ముదిరి ఎముక దాకా చీము పడితే, సర్జన్ కుళ్లిన ఎముకను గోకి తీసేస్తారు. అక్కడ గుంత మిగులుతుంది.

దాంట్లో నింపడానికి ఎక్కువగా వాడేది కాల్షియం సల్ఫేట్. పీఓపీ కట్టులో ఉండే పదార్థమే, కాకపోతే బాగా శుద్ధి చేసింది. 1892లోనే డ్రీస్‌మన్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని ఎముక గుంతల్లో నింపి చూశాడు. ఇప్పుడైతే 10 మిల్లీలీటర్ల ముద్దకు సరిపడా పొడిలో సాధారణంగా సూక్ష్మజీవులను చంపే మందులు, అంటే 1 గ్రాము వాంకోమైసిన్, 240 మిల్లీగ్రాముల జెంటామైసిన్ ద్రావణం కలిపి, రబ్బరు అచ్చులో అదిమి పూసలు చేస్తారు. జెంటామైసిన్ కలిస్తే ముద్ద ఆలస్యంగా గట్టిపడుతుంది. తడి ఎక్కువైతే పూస చితికిపోతుంది. రక్తనాళాలు పూడుకుపోయిన పాదానికి సూదిమందు సరిగా చేరదు కాబట్టి, మందును అక్కడే పెట్టడం మంచి ఉపాయమే.

చిక్కు తర్వాత వస్తుంది. ఈ పూసలు 4 నుంచి 8 వారాల్లో కరిగిపోతాయి. షుగరు ఎముక అంత తొందరగా పెరగదు. ఎక్కువైన గ్లూకోజు కొల్లాజెన్ పోగులకు అంటుకుని వాటిని బిగించేస్తుంది (టైప్ 2లో ఎముక సాంద్రత చూసే స్కాన్ బాగున్నా ఎముక పెళుసుగా ఉండటానికి ఇదొక కారణం). వాపు తగ్గదు, కొత్త రక్తనాళాలు నిదానంగా వస్తాయి. ఈలోగా ఖాళీ అయిన చోట ఎముకకు బదులు నారలాంటి మెత్తటి కణజాలం చేరుతుంది.

ఎముకలోని ఖనిజం లాంటి హైడ్రాక్సీ అపటైట్ అయితే ఏళ్లపాటు నిలుస్తుంది, కానీ కరగక అక్కడే కూర్చుంటుంది. అందుకే దాన్ని 60 పాళ్లు, తొందరగా కరిగే ట్రైకాల్షియం ఫాస్ఫేట్‌ను 40 పాళ్లు కలిపిన గుళికలే మా దృష్టిలో ఇక్కడ మేలు. వాటి రంధ్రాలు 300 మైక్రాన్ల (0.3 మిల్లీమీటర్ల) దగ్గర ఉండి, ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి దారి ఉంటేనే రక్తనాళం లోపలికి పోగలదు. చీము పూర్తిగా పోకముందు మాత్రం వీటిని పెట్టకూడదు, సూక్ష్మజీవులు వాటి మీదే పొర కట్టుకుంటాయి.

స్ట్రాన్షియం, మెగ్నీషియం, షుగరు మందు మెట్‌ఫార్మిన్ చేర్చిన కొత్త పదార్థాల గురించి గొప్పగా రాస్తుంటారు. ఎక్కువ ప్రయోగాలు స్ట్రెప్టోజోటోసిన్ ఇచ్చి షుగరు తెప్పించిన ఎలుకల పుర్రె మీద జరిగినవే. ఆ మందు ఇన్సులిన్ తయారుచేసే కణాలనే చంపుతుంది, అంటే వచ్చేది టైప్ 1 లాంటి షుగరు. మనవాళ్లలో ఎక్కువమందిది టైప్ 2. పైగా పుర్రె మీద ఒళ్లు బరువు పడదు.

పూసలు పెట్టాక తెల్లటి నీరు కారితే చీమని కంగారుపడి మళ్లీ కోయించుకోనక్కర్లేదు, కరిగే పూసల నీరే కావచ్చు. వాసన, జ్వరం, ఎరుపు ఉంటే వెంటనే సర్జన్‌కు చూపించాలి. ఎక్స్‌రేలో పూసలు మాయమయ్యాయంటే కరిగాయనే అర్థం. ఎముక నిండిందని డాక్టరు చెప్పేదాకా ఆ కాలు నేలకు ఆనించొద్దు.