గూటెన్‌బర్గ్ అమ్ముదామనుకున్న అద్దాల బిళ్ళలు

ప్రింటింగ్ ప్రెస్ అనగానే గుర్తొచ్చే గూటెన్‌బర్గ్ దానికంటే ముందు స్ట్రాస్‌బర్గ్‌లో పార్టనర్లతో కలిసి పెట్టిన బిజినెస్ ఏంటంటే, జర్మనీలోని ఆఖెన్ యాత్రకెళ్ళే భక్తులకి చిన్న చిన్న అద్దాల బిళ్ళలు తయారుచేసి అమ్మడం.

ఆఖెన్‌లో మేరీమాత వస్త్రం, బాల యేసుకి చుట్టిన గుడ్డలు అని చెప్పే వాటిని ఏడేళ్ళకోసారి బయటికి తీసి పైనుంచి జనానికి చూపిస్తారు. ఆ తోపులాటలో దగ్గరికెళ్ళి తాకడం జరిగే పని కాదు, అందుకని అద్దం ఉన్న బిళ్ళ పైకెత్తి పట్టుకుంటే ఆ మహిమంతా అందులోకి దిగుతుందని, ఇంటికి తీసుకెళ్తే ఇంట్లోవాళ్ళకీ పనిచేస్తుందని నమ్మేవాళ్ళు. నవ్వొస్తుంది గానీ, వస్తువుల్లోంచి ఏదో బయల్దేరి కంటిని చేరితేనే మనకి చూపు అని అప్పటి పండితులు కూడా చెప్పేవాళ్ళు, ఆ లెక్కన చూడటమంటే దాదాపు తాకినట్టే కదా. పాపం 1439లో అనుకున్న యాత్ర 1440కి వెళ్ళిపోయింది, ఈలోపు ఒక పార్టనర్ చనిపోయాడు, అతని అన్నదమ్ములు కేసేశారు. ఆ కోర్టు కాగితాల వల్లే మనకి ఈ సంగతి తెలిసింది.

యాత్రికులు గుర్తుగా కొనుక్కునే ఇలాంటి బిళ్ళలు మామూలుగా సీసం, తగరం కలిపి పోసేవాళ్ళు. తగరం 232 డిగ్రీలకి, సీసం 327కి కరుగుతాయి, రెండూ సరైన పాళ్ళలో కలిపితే 183కే కరిగిపోతాయి, కాబట్టి పెద్ద కొలిమి అక్కర్లేదు, రాతి అచ్చు ఒకటి చెక్కుకుంటే వందలకొద్దీ పోసుకోవచ్చు. చవక కాబట్టి పేదవాళ్ళు కూడా కొనేవాళ్ళు. అలాగని పేదవాళ్ళ సరుకే అనుకోకండి, ఫ్రాన్స్ రాజు పదకొండో లూయీ కూడా టోపీకి సీసం బిళ్ళలు పెట్టుకునేవాడు.

ఇంగ్లాండ్‌లో కాంటర్‌బరీది ఇంకో రకం. 1170 డిసెంబర్ 29న ఆర్చ్‌బిషప్ థామస్ బెకెట్‌ని కెథడ్రల్‌లోనే చంపేశారు, ఆయన రక్తం చుక్క కలిసిందని చెప్పే నీళ్ళు చిన్న సీసపు బుడ్లలో పోసి ఇచ్చేవాళ్ళు, భక్తులు అవి మెడలో వేసుకుని వెళ్ళి జబ్బు చేసినవాళ్ళకి తాగించేవాళ్ళు. ఇలాంటి బుడ్లూ బిళ్ళలూ కొందరు పొలంలో పాతిపెట్టేవాళ్ళు, కొందరు ప్రార్థన పుస్తకంలో పేజీకి కుట్టుకునేవాళ్ళు, చర్చి గంట పోత పోసేటప్పుడు బిళ్ళ ముద్ర గంట మీద పడేలా చేసేవాళ్ళు కూడా ఉన్నారు.

మ్యూజియంవాళ్ళు చాలాకాలం చూపించడానికి మొహమాటపడ్డ బిళ్ళలు ఇంకొన్ని ఉన్నాయి. మర్మాంగాలకి కాళ్ళొచ్చి నడుస్తున్నట్టు, యాత్రికుడి టోపీ పెట్టుకుని కర్ర పట్టుకున్నట్టు ఉంటాయి. మనవాళ్ళు కొత్త బిల్డింగుకి దిష్టిబొమ్మ కట్టినట్టే, చెడు చూపు ముందు దానిమీద పడాలని పెట్టుకునేవాళ్ళని కొందరు పండితులంటారు, వెటకారానికే అని ఇంకొందరంటారు. నాకైతే రెండూ ఉండొచ్చనిపిస్తుంది.

ఇన్ని దొరకడానికి కారణం బురద. లండన్‌లో థేమ్స్, పారిస్‌లో సెన్ నదుల అడుగు బురదలో ఆక్సిజన్ దాదాపు ఉండదు, అందుకే అంత మెత్తటి లోహం కూడా పాడవకుండా ఉండిపోయింది. పొరపాటున జారిపడ్డవి కొన్నైతే, క్షేమంగా తిరిగొచ్చాక మొక్కుగా కావాలనే నీళ్ళలో వేసినవీ ఉంటాయని కొందరు రీసెర్చర్ల అభిప్రాయం.