కొండెక్కిన ఓడలు

చిన్నీకి తాతయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోన్లో పంపిన బొమ్మ చూశాను. "ఇంత పెద్ద సైనికులు అంత చిన్న ఇళ్ళల్లో ఎలా పడతారు తాతయ్యా?" అన్నావు. మంచి ప్రశ్నే.

అది కాన్‌స్టాంటినోపుల్ ముట్టడి. ఇప్పుడు ఇస్తాంబుల్ అంటున్నామే, ఆ ఊరే. ఒట్టోమన్ తురుష్కుల సుల్తాను రెండో మెహ్మద్ 1453 ఏప్రిల్ 6న చుట్టుముట్టి మే 29న పట్టుకున్నాడు. రెండేళ్ళ తర్వాత, ఎక్కడో దూరాన లీల్ పట్టణంలో రాసిన ఒక యాత్రా పుస్తకంలో జాన్ ల తవెర్నియే ఈ బొమ్మ వేశాడు.

మనింటి సంక్రాంతి బొమ్మల కొలువు గుర్తు తెచ్చుకో. తాటిచెట్టు కంటే పురోహితుడు పొడుగు. ఏనుగు అంబారీ పక్కనే దానంత క్రికెట్ ఆటగాడు. పొరపాటని ఎవరైనా అన్నారా? సీతారాముల పెళ్ళి ఒక మెట్టు, పట్టాభిషేకం ఇంకో మెట్టు, మధ్యలో పద్నాలుగేళ్ళ అడవి ఎవరూ అడగరు. ఈ బొమ్మ వేసినాయనా అంతే. ఏ రోజు జరిగింది ఆ రోజు అని చూడకుండా గుడారాలు, ఫిరంగులు, ఓడలు అన్నీ ఒకే కొలువులో పెట్టేశాడు.

నా చిన్నప్పుడు కొలువు ముందు మట్టితో లంక కట్టాను. లంక ఎలా ఉంటుందో నాకేం తెలుసు? మా ఊరి రైసుమిల్లు గొట్టం, రచ్చబండ పెట్టాను. "పోనీలేరా, రావణుడూ వడ్లు ఆడించుకోవాలిగా" అంది మా నాయనమ్మ. ఈ బొమ్మలోని ఊరూ అలాంటిదే: లీల్ ఉన్న ఫ్లాండర్స్ ప్రాంతంలో కనబడే సూదిమొన శిఖరాలు ఇక్కడ లేచాయి. నవ్వకు. చూడనిదాన్ని చూసినదానితోనే కట్టుకుంటాం.

ఒకటి మాత్రం చెప్పాలి. కొలువులో ఏ బొమ్మా ఆకలితో ఏడవదు. ఇక్కడ గుడారాలు పెళ్ళిపందిళ్ళలా ఉన్నాయని యుద్ధం అందంగా ఉంటుందనుకోకు.

ఇంతకీ అసలు వింత చెప్పలేదు. రేవు మూతికి అడ్డంగా, ఊరిని కాపాడుకుంటున్న గ్రీకులు ఇనుప గొలుసు కట్టారు. సుల్తాను ఓడలు లోపలికి వెళ్ళే దారి లేదు. సుల్తాను ఏం చేశాడో తెలుసా? కొవ్వు పూసిన దుంగలు పరిపించి, 70 దాకా ఓడల్ని కొండ మీదుగా లాగించి రేవులో దింపించాడు! ఏప్రిల్ 22 పొద్దున గోడ మీద కాపలావాడికి ఎలా ఉండి ఉంటుందో!

బొమ్మని వేళ్ళతో పెద్దది చేసి వెతుకు. గట్టు మీద ఓడలున్నాయి. ఎన్ని వేశాడో లెక్కపెట్టి రాయి, నా కళ్ళజోడుకి ఆనడం లేదు.

తాతయ్య