ప్లాన్ పాసైంది, మరి పిల్లర్ సంగతి? ఇల్లు కట్టేవాళ్ల అపోహలు - వాస్తవాలు

గుంటూరులో స్ట్రక్చరల్ ఇంజనీరుగా పనిచేస్తున్న నా దగ్గరికి వచ్చేవాళ్లు సాధారణంగా మూడు విషయాలు ముందే తేల్చుకుని వస్తారు: ఎన్ని గజాలు, ఎన్ని అంతస్తులు, చదరపు అడుగుకి ఎంత. పునాది కింద ఏ మట్టి ఉంది, పిల్లర్‌లో నిలువు చువ్వల చుట్టూ కట్టే రింగు కొన ఎలా వంచాలి అని అడిగేవాళ్లు బాగా తక్కువ. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. "రూల్స్" అంటే మనవాళ్ల దృష్టిలో టౌన్ ప్లానింగ్ వాళ్లవే. కాంక్రీటుకీ ఇనుముకీ కూడా రూల్స్ ఉన్నాయని, వాటిని చూడ్డానికి మున్సిపాలిటీ నుంచి ఎవరూ రారని చాలామందికి ఇల్లు పూర్తయ్యాక కూడా తెలియదు.

అపోహ: "ప్లాన్ అప్రూవల్ వచ్చిందంటే గవర్నమెంటు ఇంజనీర్లు చూసి ఓకే చేసినట్టే."

అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. మన రాష్ట్రంలో భవనాలకు వర్తించేది 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమావళి, అంటే జీవో 119. దాని కింద మీ ప్లాన్‌లో చూసేది స్థలం విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ, ఎత్తు, పార్కింగ్, ఇంకుడు గుంత వంటివి. 2016 నుంచి అనుమతులు ఆన్‌లైన్ అయ్యాయి. డ్రాయింగ్ అప్‌లోడ్ చేస్తే కొలతలు సాఫ్ట్‌వేరే లెక్కగడుతుంది. ఆ సాఫ్ట్‌వేర్‌కి మీ ఫుటింగ్ (పిల్లర్ కింద పునాది దిమ్మ) లోతు తెలియదు, బీమ్‌లో ఎన్ని చువ్వలు పడుతున్నాయో తెలియదు.

కట్టడం బలం గురించి నియమావళి ఏమీ చెప్పదని కాదు. నేషనల్ బిల్డింగ్ కోడ్, భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ఇచ్చే ఐఎస్ ప్రమాణాల ప్రకారం కట్టాలనే అంటుంది. కానీ ఆ పూచీ సంతకం పెట్టే ఇంజనీరుది, కట్టించుకునే యజమానిది. చిన్న ఇళ్ల విషయంలో ఈ సంతకం ఎలా జరుగుతుందో ఊళ్లో అందరికీ తెలుసు: డిజైన్ ఉండదు, సంతకం మాత్రం ఉంటుంది. ఇప్పుడు కొంత ఎత్తులోపు భవనాలకు స్వీయ ధ్రువీకరణ పద్ధతి కూడా వచ్చింది కాబట్టి ఆ సంతకం విలువ ఇంకా పెరిగింది. అప్రూవ్డ్ ప్లాన్‌తో పాటు ఫుటింగులు, పిల్లర్లు, బీములు, స్లాబుల వివరాలతో విడిగా స్ట్రక్చరల్ డ్రాయింగులు ఉండాలి. అవి మీ చేతిలో లేకపోతే మీ ఇంటి డిజైన్ మేస్త్రీ బుర్రలో ఉందని అర్థం.

అపోహ: "ఎక్స్‌ట్రా ఫ్లోర్ వేసేద్దాం, తర్వాత బీపీఎస్‌లో కట్టేసుకోవచ్చు."

బీపీఎస్ అంటే అనుమతి లేని కట్టడాలను జరిమానా కట్టించుకుని క్రమబద్ధీకరించే పథకం. అది ఎప్పుడంటే అప్పుడు తెరిచి ఉండే కౌంటర్ కాదు. ఉదాహరణకు 2015లో ఒకసారి, 2019లో మరోసారి వచ్చింది. ప్రతిసారీ ఫలానా తేదీకి ముందు కట్టినవాటికే అని గడువు పెట్టారు. 2019 పథకానికి ఆ తేదీ 2018 ఆగస్టు 31. ప్రభుత్వ స్థలాల్లో, చెరువు శిఖం భూముల్లో కట్టినవాటికి అసలు అవకాశమే ఇవ్వలేదు. పైగా బీపీఎస్ జరిమానా వసూలు చేస్తుంది, పిల్లర్ బలాన్ని పెంచదు. రెండంతస్తులకు వేసిన పునాది మీద నాలుగోది వేస్తే, ఆ రసీదు ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్నా లోడు లోడే.

అపోహ: "వాస్తు ప్రకారం తూర్పు, ఉత్తరం ఎక్కువ వదిలాం. పడమర, దక్షిణం హద్దు దాకా కట్టుకోవచ్చు."

సెట్‌బ్యాక్, అంటే హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ, నాలుగు వైపులా ఉంటుంది. స్థలం విస్తీర్ణం, భవనం ఎత్తు, రోడ్డు వెడల్పు బట్టి ఎంత అనేది మారుతుంది. బాగా చిన్న బిట్లకు మినహాయింపులు ఉన్నాయి, ఒక వైపుది మరో వైపుకు కొంత జరుపుకునే వెసులుబాటు కూడా నియమాల్లోనే ఉంది. అంతకుమించి వాస్తు పేరు చెప్పి హద్దు గోడ మీదే ఇంటి గోడ లేపడానికి లేదు. బ్రాడీపేట, అరండల్‌పేట పాత ఇళ్లలో నడిచి చూస్తే ఆ ఖాళీ దేనికో తెలుస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం గాలి ఆడే గది ఏదో, ఆడనిది ఏదో ఇట్టే చెప్పొచ్చు. ఇద్దరు పక్కింటివాళ్లూ హద్దు దాకా వస్తే కిటికీ ఎటు తెరుస్తారు?

అపోహ: "మన దగ్గర భూకంపాలు రావు. అవన్నీ గుజరాత్, ఢిల్లీ వాళ్లకి."

1967 మార్చి 27న ఒంగోలు దగ్గర దాదాపు 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. మనకది పెద్ద దూరం కాదు. భూకంప ప్రమాదాన్ని బట్టి దేశాన్ని జోన్లుగా విభజించే ప్రమాణం ఐఎస్ 1893, 2016 కూర్పు ప్రకారం మన ప్రాంతం మూడో జోన్‌లో ఉంది. మూడో జోన్ నుంచి పైకి, భూకంపాన్ని తట్టుకునేలా ఇనుము ఎలా కట్టాలో చెప్పే ఐఎస్ 13920 అనే ఇంకో ప్రమాణం వర్తిస్తుంది. ఇక్కడే మన ఊరి అలవాట్లు అడ్డంగా దొరికిపోతాయి.

మొదటిది పిల్లర్ సైజు. గోడలో కలిసిపోవాలని ఒక వైపు 9, ఇంకో వైపు 12 అంగుళాల పిల్లర్ అడుగుతారు. హాల్లో మూల బయటికి పొడుచుకొస్తే సోఫా సరిగా పట్టదంటారు. 13920 ప్రకారం పిల్లర్ కనీస కొలత 300 మిల్లీమీటర్లు, అంటే ఏ వైపు చూసినా 12 అంగుళాలకు తగ్గకూడదు. నేను 12 బై 15 అని రాసి పంపిన డ్రాయింగు సైటుకి వెళ్లేసరికి 9 బై 15 అయిన సందర్భాలు లేకపోలేదు.

రెండోది రింగులు. మేస్త్రీని రింగు వేయమంటే కొనల్ని ఎల్ ఆకారంలో, 90 డిగ్రీలకు వంచి వదిలేస్తాడు. భూకంపం ఊపుకు, ఇనుమును బయటివైపు కప్పి ఉంచే కవర్ కాంక్రీటు రాలిపోగానే ఆ కొన తెరుచుకుంటుంది, లోపలి చువ్వలు పక్కకు ఉబ్బుతాయి. కొనను 135 డిగ్రీలకు, అంటే పిల్లర్ లోపలికి గుచ్చుకునేలా వంచాలి. వంపు తర్వాత కనీసం రెండున్నర అంగుళాలు మిగలాలి. బీమ్ కలిసే చోట, కిందా పైనా ఒకటిన్నర అడుగు మేర రింగులు దగ్గర దగ్గరగా రావాలి. 12 అంగుళాల పిల్లర్‌కైతే దాదాపు మూడు అంగుళాలకు ఒకటి. మన దగ్గర జరిగేది సరిగ్గా దీనికి రివర్స్: జాయింట్ దగ్గర ఇనుము కిక్కిరిసి ఉంటుంది కాబట్టి కట్టడం కష్టమని అక్కడే రింగులు మానేస్తారు. ఇవన్నీ సరిగా చేస్తే అయ్యే అదనపు ఇనుము ఖర్చు మీ గృహప్రవేశం భోజనాల ఖర్చులో చిన్న ముక్క. రాడ్ బెండర్‌కి మాత్రం పని పెరుగుతుంది, అందుకే ఎవరూ పక్కన నిలబడకపోతే చేయడు.

మూడోది స్టిల్ట్ పార్కింగ్. పైన అంతా గోడలు, కింద ఉత్త పిల్లర్లు. 2001 భుజ్ భూకంపంలో కేంద్రానికి చాలా దూరంగా ఉన్న అహ్మదాబాద్‌లో కూలిన అపార్టుమెంట్లలో ఈ రకంవి చాలా ఉన్నాయి. స్టిల్ట్ వద్దని చెప్పడం లేదు, పార్కింగ్ వదలాల్సిందే. అయితే ఆ అంతస్తు పిల్లర్లను దానికి తగ్గట్టు డిజైన్ చేయాలి, అవసరమైన చోట కాంక్రీటు గోడలు పెట్టాలి. పై అంతస్తు పిల్లర్ సైజే కిందికి దించేస్తే కుదరదు.

అపోహ: "పక్కింటాయన నాలుగడుగులు తవ్వాడు, మనకీ అంతే."

గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి ఎక్కువ. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని నెర్రెలిస్తుంది. ఆ కదలికతో తేలిక ఇల్లు కూడా లేస్తుంది, కుంగుతుంది. తలుపు చట్రం మూల నుంచి ఏటవాలుగా వచ్చే పగులు చాలాసార్లు దీని పనే. మీరు దానికి పుట్టీ రాస్తారు, వచ్చే ఏడాది మళ్లీ తెరుచుకుంటుంది. ఇలాంటి నేల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) అండర్ రీమ్డ్ పైల్స్ పద్ధతిని అభివృద్ధి చేసింది. కదలిక లేని లోతుకు వెళ్లి అక్కడ ఉబ్బెత్తు అడుగుతో ఆగే పైల్ అది. విజయవాడ కథ వేరు. కృష్ణలంక వైపు నది తెచ్చిన ఒండ్రు, కొద్ది లోతులోనే నీళ్లు. గుణదల, మొగల్రాజపురం కొండవాలు ఇళ్లలో ఒక మూల రాయి మీద, ఇంకో మూల పోసిన మట్టి మీద ఉంటుంది. ఒకే వీధిలో రెండు సైట్లకు రెండు రకాల నేల తగలొచ్చు. పూడ్చిన చెరువో, పాత బావో పక్కింటికి లేకుండా మీకే ఉండొచ్చు. భూమి పరీక్ష అంటే ఖర్చనుకుంటారు గానీ మార్బుల్ ఒక గదికి తగ్గిస్తే సరిపోయే డబ్బు అది.

సెల్లారు గోతుల గురించి ఒక మాట. 2016 మేలో గుంటూరు లక్ష్మీపురంలో సెల్లారు గోతిలో మట్టి విరిగిపడి కూలీలు చనిపోయారు. మీటరున్నర దాటిన కందకానికి దన్ను కట్టాలని ఐఎస్ 3764 చెబుతుంది. "మట్టి గట్టిగానే ఉంది సార్" అన్న మాటకు అక్కడ విలువ లేదు.

అపోహ: "53 గ్రేడ్ సిమెంటు వాడాం, 550 ఇనుము వేశాం, ఇక తిరుగు లేదు."

నంబరు పెద్దదైతే మంచిదనుకోవడం. 53 గ్రేడ్ త్వరగా గట్టిపడుతుంది, వేడి ఎక్కువ పుట్టిస్తుంది. మే నెల ఎండలో మిట్టమధ్యాహ్నం స్లాబ్ వేస్తే సన్న పగుళ్లు రావడానికి ఇదీ ఒక కారణం. మామూలు ఇంటికి పీపీసీ (బూడిద కలిపిన సిమెంటు) చక్కగా సరిపోతుంది, కాకపోతే నీళ్లు ఎక్కువ రోజులు కట్టాలి. ఇనుములో అయితే సాగే గుణం ముఖ్యం. ఎఫ్ఈ 500డీ రకం చువ్వ తెగేలోపు కనీసం 16 శాతం సాగాలి, డీ లేని 550కి 10 శాతం చాలు. భూకంపంలో మనకు కావాల్సింది సాగేది. షాపులో బ్రాండు అడుగుతారు, "డీ" ఉందా అని మాత్రం అడగరు.

అసలు బలం పోయేది నీళ్ల దగ్గర. ఎం20 గ్రేడు కాంక్రీటుకు 50 కిలోల సిమెంటు బస్తాకి నీళ్లు 30 లీటర్లకు మించకూడదని కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 పరిమితి, ఇసుకలో ఉన్న తేమ కూడా అందులోనే లెక్క. మనవాళ్లు జావలా పారాలని పోస్తూనే ఉంటారు. రెడీమిక్స్ లారీ వచ్చినా పైపు పెట్టి కాసిని కలుపుతారు. ఎక్కువైన నీళ్లు ఆవిరైపోయి ఖాళీలు మిగులుస్తాయి. పని సులువు కావాలంటే మోతాదు ప్రకారం ప్లాస్టిసైజర్ (కాంక్రీటును పలచగా పారేలా చేసే రసాయనం) వేయాలి గానీ నీళ్లు కాదు.

క్యూరింగ్, అంటే కాంక్రీటును తడిగా ఉంచడం, ఓపీసీకి (బూడిద కలపని మామూలు సిమెంటు) కనీసం 7 రోజులు, మన ఎండలకు 10, పీపీసీకి 14 అనుకోండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చల్లడం క్యూరింగ్ కాదు, మధ్యలో ఎండిపోకూడదు. కాంక్రీటు గట్టిపడేదాకా కింద ఆసరాగా ఉండే సెంట్రింగ్ విషయంలో "పది రోజులైంది, విప్పేద్దాం" అన్నది అన్నిటికీ చెల్లదు. నాలుగున్నర మీటర్ల లోపు స్లాబ్‌కి 7 రోజులు, దాటితే 14, ఆరు మీటర్ల లోపు బీమ్‌కి 14, దాటితే 21. సెంట్రింగ్ వాళ్లకి ఆ సామాను ఇంకో సైటులో కావాలి, మీ మీద వచ్చే తొందర అదే.

రాయిని నలిపి చేసే ఇసుక, రోబో శాండ్, పనికిరాదన్నది కూడా వింటుంటాను. కంకర, ఇసుకల ప్రమాణం ఐఎస్ 383, 2016 కూర్పు దాన్ని ఒప్పుకుంది. క్రషర్ డస్టును రోబో శాండ్ పేరుతో అమ్మితే అది వేరే సంగతి.

అపోహ: "మెటీరియల్‌తో కలిపి కాంట్రాక్టు ఇచ్చాం, అంతా ఆయనే చూసుకుంటాడు."

మన దగ్గర అగ్రిమెంట్లలో టైల్స్ బ్రాండు, ట్యాపుల బ్రాండు, పెయింట్ ఎన్ని కోట్లు అన్నీ ఉంటాయి. కాంక్రీటు గ్రేడు ఉండదు. ఈ వాక్యాలు చేర్పించండి: కాంక్రీటు ఎం20కి తగ్గకూడదు. ఇనుము 500డీ, బిల్లుతో పాటు టెస్ట్ సర్టిఫికెట్ ఇవ్వాలి. పిల్లర్‌కి 40, ఫుటింగ్‌కి 50 మిల్లీమీటర్ల కవర్, దానికి బ్లాకులే వాడాలి, కంకర రాళ్లు కాదు. రింగు కొనలు 135 డిగ్రీలు. ఇనుము కట్టడం అయ్యాక ఇంజనీరు చూసి సంతకం పెట్టేదాకా కాంక్రీటు వేయకూడదు. వెయ్యి చదరపు అడుగుల స్లాబ్, బీములతో కలిపి పదిహేను క్యూబిక్ మీటర్లు దాటకపోతే రెండు శాంపిళ్లు తీసి, ఒక్కోదానికి మూడు చొప్పున ఆరు క్యూబులు (పరీక్ష కోసం అచ్చులో పోసే కాంక్రీటు దిమ్మలు) పోయాలి, 28 రోజులకు ల్యాబులో నలిపించాలి. క్యూబు ఫెయిలైతే ఏం చేస్తారో, ఆ ఖర్చు ఎవరిదో కూడా అక్కడే రాయించుకోండి. ఈ షరతులు చదివి రేటు పెంచే కాంట్రాక్టరుతో బేరమాడొచ్చు. "ఇవన్నీ ఇక్కడ ఎవరూ చేయరండీ" అని నవ్వేసేవాడికి మాత్రం అడ్వాన్సు ఇవ్వకండి.