బయోటెక్‌లో టెక్నాలజీ ఉద్యోగాలు: మన పిల్లల చుట్టూ తిరుగుతున్న అపోహలు, అసలు వాస్తవాలు

గుంటూరు, విజయవాడ పరిసరాల్లో బయోటెక్నాలజీ, ఫార్మసీ, కంప్యూటర్ సైన్స్ చదివి బయటికి వస్తున్న పిల్లలూ, వారి తల్లిదండ్రులూ నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. నేను జీవకణాల సాయంతో మందులు తయారుచేసే ఒక బయోలాజిక్స్ సంస్థలో ప్రయోగశాల డేటా వ్యవస్థలను చూసే విభాగంలో పనిచేస్తూ, కొత్తవారిని ఎంపిక చేసే ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చుంటాను. సొంతూరు గుంటూరు కావడంతో ఇక్కడి విద్యార్థుల రెజ్యూమేలు నా దగ్గరికి ఎక్కువగానే వస్తుంటాయి. వారిలో తెలివితేటలకు కొదవ లేదు. ఈ పరిశ్రమ మనిషిని దేన్ని చూసి తీసుకుంటుందనే విషయంలోనే వారికి తప్పుడు సమాచారం అందుతోంది. ఇక్కడ ప్రతి అంకె వెనుకా ఏదో ఒక రోగి ఉంటాడు కాబట్టి, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో, దాన్ని ఎవరు ముట్టుకున్నారో చెప్పగలిగిన మనిషికే ఈ రంగంలో విలువ. కింది విషయాలన్నీ ఈ దృష్టితోనే రాస్తున్నాను.

అపోహ: బయోటెక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంటే బయోఇన్ఫర్మాటిక్స్ ఒక్కటే.

వాస్తవం: 2003లో మానవ జీనోమ్ ప్రాజెక్టు పూర్తయినప్పటి నుంచి ఈ అభిప్రాయం పాతుకుపోయింది. జన్యుక్రమాలను విశ్లేషించే ఉద్యోగాలు ఉన్నమాట నిజమే కానీ, అవి సంఖ్యలో తక్కువ, చాలాచోట్ల పీజీయో పీహెచ్‌డీయో అడుగుతారు. ఖాళీలు ఎక్కువగా ఉండేది వేరే పనుల్లో. శాంపిల్ ల్యాబ్‌లోకి వచ్చినప్పటి నుంచి రిపోర్టు వెళ్లేదాకా నమోదు చేసే లిమ్స్ అనే సాఫ్ట్‌వేర్, కణాలను పెంచే ట్యాంకు అయిన బయోరియాక్టర్‌లో ఉష్ణోగ్రత, పీహెచ్, కరిగిన ఆక్సిజన్ అదుపు తప్పకుండా చూసే ఆటోమేషన్, సాఫ్ట్‌వేర్ చేయాల్సిన పనే చేస్తోందని ఆధారాలతో నిరూపించే కంప్యూటర్ సిస్టమ్ వాలిడేషన్, మనుషులపై మందులను పరీక్షించే క్లినికల్ ట్రయల్ డేటాను సీడిస్క్ అనే ఉమ్మడి డేటా ప్రమాణాల్లోకి మార్చే శాస్, ఆర్ భాషల ప్రోగ్రామింగ్, మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ వంటివన్నీ ఇందులోకే వస్తాయి. ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివిన బీటెక్ విద్యార్థికి ఈ పరిశ్రమలో చోటుందని ఇప్పటికీ చాలా కళాశాలల్లో ఎవరూ చెప్పడం లేదు.

అపోహ: కోడింగ్ వస్తే చాలు, బయాలజీ ఉద్యోగంలో చేరాక నేర్చుకోవచ్చు.

వాస్తవం: ఇంటర్వ్యూలో నేను తరచుగా ఇచ్చే ఒక చిన్న పరీక్షను ఇక్కడ వివరిస్తాను. కొవిడ్ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ సీటీ వాల్యూ అనే మాట వినిపించింది. ఆర్‌టీ-పీసీఆర్ యంత్రం నుంచి వచ్చిన అటువంటి ఫలితాల పట్టికనే అభ్యర్థి ముందు పెడతాను. కొన్ని గడుల్లో 22, 31 వంటి అంకెలు ఉంటాయి, మరికొన్ని గడుల్లో అంకెకు బదులు ‘అన్‌డిటర్మిన్డ్’ అని ఉంటుంది. ఈ డేటాను విశ్లేషణకు సిద్ధం చేయమంటే, కోడింగ్ మాత్రమే నేర్చుకున్న అభ్యర్థులు పైథాన్‌లో ఒక్క వరుస రాసి అంకె లేని ఆ గడులన్నింటినీ సున్నాతోనో, ఆ నిలువు వరుస సగటుతోనో నింపేస్తారు. కోడ్ చక్కగా నడుస్తుంది, ఎర్రర్ ఏదీ రాదు. కానీ సీటీ విలువ అంటే సంకేతం నిర్ణీత గీత దాటడానికి యంత్రానికి పట్టిన సైకిళ్ల సంఖ్య, అది ఎంత తక్కువైతే శాంపిల్‌లో లక్ష్య జన్యుపదార్థం అంత ఎక్కువ ఉన్నట్టు, ఎందుకంటే ఒక్కో సైకిల్‌లో ఆ పదార్థం ఇంచుమించు రెట్టింపవుతుంది. ‘అన్‌డిటర్మిన్డ్’ అంటే యంత్రానికి పెట్టిన సైకిళ్లన్నీ, సాధారణంగా 40, పూర్తయినా సంకేతం గీత దాటలేదని అర్థం. అక్కడ సున్నా పెడితే వైరస్ లేని శాంపిల్ అన్నింటికంటే ఎక్కువ వైరస్ ఉన్న శాంపిల్‌గా మారిపోతుంది. సగటు పెట్టినా నెగెటివ్ మనిషి పాజిటివ్‌గానే కనిపిస్తాడు.

బయాలజీ చదివినవారు ఈ తప్పును వెంటనే పట్టేస్తారు. అయితే వారి దగ్గర మరో ఇబ్బంది ఎదురవుతుంది. 96 గడుల ప్లేట్లు పదుల సంఖ్యలో ఉంటే ఆ గడులను వెతికి గుర్తుపెట్టే పది వరుసల కోడ్ రాయలేక, ఎక్సెల్‌లో చేత్తో దిద్దుకుంటూ పోతారు, ఏ గడిని ఎప్పుడు ఎందుకు మార్చారో ఆనవాలు మిగలదు. ఎక్సెల్ తనంతట తాను చేసే మార్పులు దీనికి తోడవుతాయి. సెప్ట్ 2, మార్చ్ 1 అనే జన్యువుల పేర్లను అది తేదీలుగా మార్చేస్తుంది. జన్యుశాస్త్ర పత్రికల్లో జన్యువుల జాబితాలను ఎక్సెల్ ఫైళ్లుగా జతచేసిన వ్యాసాల్లో సుమారు ఐదో వంతు వాటిలో ఈ రకం తప్పులున్నాయని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. చివరికి 2020లో జన్యువుల నామకరణ సంఘమే ఆ పేర్లను మార్చాల్సి వచ్చింది. అందువల్ల నా సలహా ఒక్కటే. కంప్యూటర్ సైన్స్ విద్యార్థి ఒక్క ల్యాబ్ పరీక్షనైనా మొదటి నుంచి చివరిదాకా అర్థం చేసుకోవాలి, బయాలజీ విద్యార్థి ఒక్క స్క్రిప్టింగ్ భాషనైనా తడబడకుండా రాయగలగాలి. రెండింటిలోనూ పండితులు కానక్కర్లేదు.

అపోహ: కృత్రిమ మేధ వచ్చేసింది కాబట్టి ఈ ఉద్యోగాలు ఇక ఉండవు.

వాస్తవం: ప్రోటీన్ల ఆకృతిని అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ 2020లో ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. 2022 నాటికి 20 కోట్లకు పైగా ప్రోటీన్ల ఆకృతులు అందరికీ అందుబాటులోకి వచ్చాయి, 2024 రసాయనశాస్త్ర నోబెల్‌లో దాని రూపకర్తలకు వాటా దక్కింది. అది నిజంగా గొప్ప విజయం. అయినా ఆకృతి తెలిసినంత మాత్రాన మందు తయారైపోదు. ఆ ప్రోటీన్‌ను తయారుచేసి, పరీక్షించి, మనుషులపై దశలవారీగా ప్రయోగించి చూడటానికి ఏళ్లు పడుతుంది. డాక్యుమెంట్ల తొలి ప్రతులు రాయడం, దుష్ప్రభావాల వివరాలను నిర్ణీత పదాల్లోకి మార్చడం వంటి పనులకు అవసరమయ్యే చేతుల సంఖ్య తగ్గుతుందనే నా అంచనా, దాన్ని పిల్లల దగ్గర దాచడం మంచిది కాదు. కానీ కృత్రిమ మేధ మోడల్ ఇచ్చిన ఫలితాన్ని ఏ ఆధారంతో నమ్మవచ్చో నిరూపించే పని పెరుగుతోంది. మందుల ఆమోదానికి కృత్రిమ మేధను వాడితే దాని విశ్వసనీయతను ఎలా చూపాలో వివరిస్తూ అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 జనవరిలో ముసాయిదా మార్గదర్శకాలు విడుదల చేసింది.

అపోహ: కొవిడ్ తర్వాత బయోటెక్ కుప్పకూలింది.

వాస్తవం: కూలింది ఒక భాగమే. మందు ఇంకా చేతికి రాకుండా పెట్టుబడిదారుల డబ్బుతో నడిచే చిన్న కంపెనీలు, ముఖ్యంగా అమెరికాలో, 2022లో వడ్డీ రేట్లు పెరిగాక పెద్దఎత్తున ఉద్యోగులను తగ్గించుకున్నాయి. తర్వాతి కాలంలోనే బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్, ఆమ్జెన్ వంటి సంస్థలు హైదరాబాద్‌లో తమ టెక్నాలజీ కేంద్రాలు తెరిచాయి. చేరబోయే కంపెనీ అమ్ముడయ్యే ఉత్పత్తితో నడుస్తోందా, సేకరించిన పెట్టుబడితో నడుస్తోందా అన్నది ముందుగానే తెలుసుకోండి.

అపోహ: ఫ్రెషర్లను ఎవరూ తీసుకోరు కాబట్టి, కన్సల్టెన్సీకి డబ్బు కట్టి రెండు మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టించుకోక తప్పదు.

వాస్తవం: నన్ను అన్నింటికంటే ఎక్కువగా బాధపెట్టేది ఇదే. పొలం కాగితాలు తాకట్టుపెట్టి బ్యాక్‌డోర్ ఉద్యోగానికి డబ్బు కట్టిన కుటుంబాలు మన జిల్లాల్లో ఉన్నాయి. దొంగ అనుభవం ఏ రంగంలోనైనా తప్పే. మా రంగంలో అయితే అది దాగే వీలు కూడా తక్కువ. మందుల తయారీ నిబంధనల కింద పనిచేసే సంస్థలో ప్రతి ఉద్యోగి అర్హతలు, అనుభవం, తీసుకున్న శిక్షణలకు సంబంధించిన పత్రాలు ఫైలులో ఉంటాయి. తనిఖీకి వచ్చిన అధికారి ఒక బ్యాచ్ మందు తయారీ రికార్డు తెరిచి, అందులో సంతకం చేసిన వ్యక్తి ఆ పనికి అర్హుడేనా అని అదే ఫైలు అడగవచ్చు. ఎలక్ట్రానిక్ సంతకానికి చేతిసంతకంతో సమానమైన బాధ్యత ఉంటుందని 1997లో వచ్చిన ఎఫ్‌డీఏ నిబంధనలు, 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11, ఎప్పుడో తేల్చేశాయి. మన దేశంలోనూ మందుల తయారీ ప్రమాణాలను నిర్దేశించే షెడ్యూల్ ఎం, సవరణ తర్వాత, కంప్యూటర్ వ్యవస్థలకు ప్రత్యేక నిబంధనలు పెట్టింది. డేటాను తారుమారు చేయకూడదన్న సూత్రం మీద నిలబడిన ఉద్యోగంలోకి, తారుమారు చేసిన పత్రంతో అడుగుపెట్టిన పిల్లవాడు మొదటి రోజు నుంచే భయంతో బతకాల్సి వస్తుంది. దొరికిపోయిన అభ్యర్థుల ముఖాలు నేను చూశాను. వారిలో చాలామంది నిజాయతీగా ఫ్రెషర్‌గా వచ్చి ఉంటే ఎంపికయ్యేవారే.

తల్లిదండ్రులకు ఒక్క మాట మనవి చేసుకుంటాను. ఉద్యోగం ఇవ్వడానికి డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు, బాండ్ అంటూ ముందే డబ్బు అడిగేవారిని దయచేసి నమ్మకండి.

అపోహ: హైదరాబాద్ వెళ్తే తప్ప మొదటి అడుగు పడదు.

వాస్తవం: పెద్ద కేంద్రాలు హైదరాబాద్‌లో, దాని శివార్లలోని బయోటెక్ పరిశ్రమల ప్రాంతం జీనోమ్ వ్యాలీలో ఉన్నమాట వాస్తవమే. అయితే మొదటి అనుభవం ఇక్కడే సంపాదించే దారులున్నాయి. పత్తి, మిర్చి విత్తనాలకు గుంటూరు పెట్టింది పేరు, ఎల్‌సీఏ 334 మిర్చి రకం మన లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పుట్టిందే. సంకర విత్తనాల జన్యు స్వచ్ఛతను పొలంలో పెంచి చూడాలంటే ఒక పంటకాలం పడుతుంది, అదే డీఎన్ఏ మార్కర్లతో అయితే కొద్ది రోజుల్లో తేలుతుంది. ఆ ఫలితాలను సరైన లాట్ నంబరుతో ముడిపెట్టి నమోదు చేయడం నేర్చుకున్న మనిషికి లిమ్స్ అర్థం కావడానికి ఎక్కువ కాలం పట్టదు.

రెండో దారి ఆసుపత్రుల్లో ఉంది. గుంటూరు, విజయవాడ ఆసుపత్రుల్లో క్లినికల్ ట్రయల్స్ జరుగుతుంటాయి, వాటికి కోఆర్డినేటర్లు కావాలి. మన దేశంలో 2009 జూన్ నుంచి క్లినికల్ ట్రయల్స్‌ను ప్రభుత్వ రిజిస్ట్రీ అయిన సీటీఆర్ఐలో నమోదు చేయడం తప్పనిసరి చేశారు. అందులో ఏ ట్రయల్ ఏ ఊళ్లో, ఏ ఆసుపత్రిలో జరుగుతోందో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మీ ఊరి ఆసుపత్రుల జాబితా రాసుకుని, ట్రయల్ బాధ్యత చూస్తున్న డాక్టరుగారికి రెజ్యూమే ఇస్తూ, కేస్ షీటు వంటి సోర్స్ డాక్యుమెంట్ నుంచి ఎలక్ట్రానిక్ ఫారంలోకి డేటా ఎక్కించే పని నేర్చుకోవాలనుకుంటున్నానని సూటిగా చెప్పండి. జీతం మొదట్లో తక్కువగానే ఉంటుంది. ఏడాది తర్వాత క్లినికల్ డేటా మేనేజ్‌మెంట్ ఇంటర్వ్యూకు వచ్చినప్పుడు, రోగి చెప్పిన తేదీకీ కేస్ షీటులోని తేదీకీ తేడా వస్తే మీరేం చేశారని మేం తప్పక అడుగుతాం, దానికి మీ దగ్గర మీరు స్వయంగా చేసిన పని జవాబుగా ఉంటుంది.